కట్టెల పేర్పులో కాపురాలు

(గుంటూరులో మా కాలనీ కమ్యూనిటీ హాల్లో కార్తీక మాసం ఆదివారం సాయంత్రం ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్ గారు మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ల కోసం ఫోన్ రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆయన అన్నట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వినపడుతోందా? సరే. ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఈ వరసంతా ఖాళీగానే ఉంది, నేనేమీ పాముల్ని పట్టుకు రాలేదు.

నన్నెందుకు పిలిచారో మీ అందరికీ తెలుసు. ఈ హాలు వెనక, కుళాయి పక్కన, గోడకి ఆనించి కట్టెలున్నాయి. ఎండాకాలంలో ఎవరిదో పెళ్లి జరిగితే వంటవాళ్లు సరుగుడు కట్టెలు తెప్పించారు, మిగిలినవి అక్కడ పడేసి పోయారు. పైన ఎవరో పాత ఫ్లెక్సీ కప్పారు. మొన్న వాచ్‌మన్ భార్య అక్కడ అంట్లు తోముకుంటుంటే పాము కనిపించింది. ఆవిడ అరిచింది, పదిమంది కర్రలు పట్టుకుని వచ్చారు, పాము కట్టెల్లోకి దూరింది, పదిమందీ పదడుగులు వెనక్కి వేశారు. అంతే కదా జరిగింది? మర్నాడు ప్రెసిడెంటు గారు ఫోన్ చేసి "మాస్టారూ, మందేమన్నా కొట్టిద్దామా" అన్నారు. వద్దు బాబూ, ఆదివారం దాకా ఆగండి, నేనొచ్చి మాట్లాడతాను అన్నాను. ఆ పాము కనిపించింది ఏ రోజో తెలుసా? నాగుల చవితి మర్నాడు! ముందు రోజే పుట్టకి పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ పెట్టి, మా జోలికి రాకు తండ్రీ అని దండం పెట్టొచ్చిన చేతులే తెల్లారేసరికి కర్ర అందుకున్నాయి. నవ్వకండి, నేనూ పోసొచ్చాను. పాము పాలు తాగదు, ఆ సంగతి ఇంకో ఆదివారం.

నేను ముప్ఫై ఏళ్లు జువాలజీ పాఠాలు చెప్పాను. కానీ కట్టెల్లో ఏముంటాయో నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. మా నాన్నది కట్టెల అడితి. ఈ గుంటూరులోనే. ఇప్పటి పిల్లలకి అడితి అంటే తెలియదనుకుంటాను, ఎవరైనా చెయ్యెత్తండి... ఆ, ఇద్దరు. పెద్దవాళ్లే. బాపట్ల, చీరాల వైపు నుంచి సరుగుడు లారీల్లో వచ్చేది, పల్లెల నుంచి తుమ్మ, చింత, వేప మొద్దులు బళ్ల మీద వచ్చేవి. కాటా వేసి అమ్మేవాళ్లు. 1999లో దీపం పథకం వచ్చి ఇంటింటికీ గ్యాస్ పొయ్యి చేరాక బేరం పడిపోయింది, తర్వాత హోటళ్లు, పెళ్లి వంటలు, అంతే మిగిలాయి. అది సరే. ఆ అడితిలో కట్టెలు దించే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఆయన పేర్పులోంచి కట్టె తీసేటప్పుడు చూడాలి మీరు. ముందు చేతిలో ఉన్న కర్రతో దాని మీద రెండు దెబ్బలు వేసేవాడు. టక్, టక్. ఆగేవాడు. తర్వాత చివర పట్టుకుని, తన మీదకి లాక్కోకుండా, పక్కకి దొర్లించేవాడు. సందులో వేళ్లు పెట్టడం ఆయన జన్మలో చేసి ఉండడు. చిన్నప్పుడు నేనది ఏదో శకునం అనుకున్నాను. "ఏంటి తాతా, తలుపు కొడుతున్నావు?" అని అడిగితే, "లోపల కాపురాలున్నాయి కదయ్యా" అన్నాడు. నేను తర్వాత ఎమ్మెస్సీ చదివాను గానీ, అంతకన్నా బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

కాపురాలు అన్నాడు చూడండి, అందులోనే ఉంది అసలు సంగతి. పామొచ్చింది, పామొచ్చింది అంటాం. పాముకి కట్టెలతో పనేముంది? అది కట్టెలు తినదు. దానికంటే ముందు ఎంతమంది అందులో దిగి ఇల్లు సర్దుకుంటే, చిట్టచివర అది వస్తుంది. మొదట వచ్చినవాళ్ల దగ్గర్నుంచి మొదలుపెడదాం.

ఈ ఊరగాయ సీసా చూడండి. ఇందాక మీరంతా టీ తాగుతున్నప్పుడు ఆ కట్టెల దగ్గరకి వెళ్లి, కింద రాలిన ఈ పొడి ఎత్తుకొచ్చాను. చేతికి తగిలితే శనగపిండి లాగా మెత్తగా ఉంది, కదూ? ముందు వరసలో అందరికీ ఇవ్వండి. ఫర్వాలేదమ్మా, కరవదు, ఇది చెక్కే. పుచ్చు పట్టిన కట్టె అంటాం చూడండి, ఆ పుచ్చు ఇదే. గుండుసూది తలంత రంధ్రం చేసుకుని బయటికొచ్చే చిన్న పెంకు పురుగు ఒకటుంది. దాని పిల్లపురుగు కట్టె లోపల పైపొరలో ఉండే పిండి పదార్థం తింటుంది, మిగతాదంతా ఇలా పొడి చేసి తోసేస్తుంది. చేవ దేరిన లోపలి భాగం జోలికి సాధారణంగా పోదు, దానికి కావలసిన తిండి అక్కడ ఉండదు. వెదురు కొట్టాక కొన్నాళ్లు చెరువులో నానేసేవాళ్లు కదా మన పెద్దవాళ్లు, ఎందుకు? ఆ తిండి నీళ్లలోకి దిగిపోతుంది, పురుగు రాదు. సుబాబుల్ కట్టె అయితే మరీ అన్యాయం, కొట్టి పడేసిన కొన్నాళ్లకే పొడి రాలుతుంది. మా నాన్నకి పురుగంటే భయం లేదు, తూకం తగ్గుతుందని ఏడుపు. పుచ్చు కట్టె కాటాలో తేలిపోతుంది, పొయ్యిలో పెడితే బుస్సున మండి బూడిదవుతుంది, తెచ్చుకున్నావిడ మర్నాడు వచ్చి పోట్లాడుతుంది.

ఇంకో రకం ఉంది. పచ్చి తుమ్మ మొద్దు, చింత మొద్దు బెరడుతో సహా ఇంటికి తెస్తే, రాత్రి అందరూ పడుకున్నాక కర్... కర్... అని వినపడుతుంది. మా ఇంట్లో ఒకసారి మా అమ్మ ఎలుక అనుకుని అటకంతా దులిపింది. అది మీసాలు పొడుగ్గా ఉండే పెద్ద పెంకు పురుగు పిల్ల, తెల్లగా, వేలంత లావుంటుంది, బెరడు కింద తొలుస్తూ పోతుంది. ఈ బెరడు ముక్క చూడండి, లోపలి వైపు గీతలు, ఎవరో ఉలితో చెక్కినట్టు ఉన్నాయి. చాలామంది నన్నడిగేది ఏంటంటే, మాస్టారూ, ఈ పురుగు మా టేకు తలుపులకి పట్టుకుంటుందా అని. పట్టుకోదు. దానికి బెరడున్న, తడి ఆరని కట్టె కావాలి, మీ ఎండిన టేకు తలుపు దానికి పనికిరాదు. బెరడు వలిచి ఎండేస్తే ఈ సంసారం మొదలే అవ్వదు. మెత్తటి పొడి రాల్చేది మాత్రం కొంచెం చూసుకోవాలి, మామిడి చెక్క సామానూ వెదురు సామానూ ఉన్న గదిలో అలాంటి కట్టె పెట్టుకోకండి.

ఇక్కడ పల్లెల్లో పొలాలున్నవాళ్లు ఎంతమంది? సగం మంది ఉన్నారే! అయితే ఒక్క నిమిషం పక్కకెళ్లి వస్తాను. మన జిల్లాలో పొయ్యిలోకి పత్తి కట్టె, మిరప కట్టె, కంది కట్టె పీకి దొడ్లో గూడు వేసుకోవడం మామూలే. మిరప, కంది సరే. పత్తి కట్టె విషయంలో లాం ఫాం వాళ్లు, అదే మన వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్లు, మొత్తుకుని చెప్పేది వినండి. ఆ కట్టెకి విచ్చుకోని ఎండు కాయలు అంటుకుని ఉంటాయి. వాటి లోపల, గింజలో, గులాబీ రంగు పురుగు ముడుచుకుని నిద్రపోతుంటుంది. తిండి అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు, నెలలు గడిపేస్తుంది. తర్వాత రెక్కల పురుగై లేచి, మీ కొత్త చేను పూతకొచ్చే వేళకి దాని మీద వాలుతుంది. ఎక్కడి నుంచి వచ్చింది ఈ పురుగు, విత్తనం కంపెనీ మోసం చేసింది అని మనం తిట్టుకుంటాం, అది మన దొడ్లోంచే వచ్చింది! 2002లో పురుగును చంపే జన్యువు పెట్టిన బీటీ పత్తి వచ్చినప్పుడు ఇక కాయపురుగు బాధ ఉండదన్నారు. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. గులాబీ పురుగు రెండింటికీ అలవాటు పడిపోయింది. కాబట్టి పత్తి తీతలు అవగానే కట్టెను ష్రెడ్డర్‌తో ముక్కలు చేయించి నేలలో కలిపెయ్యండి. మేము పొయ్యిలోకి ఉంచుకోవాల్సిందే అంటారా, కాయలన్నీ దులిపి కాల్చేసి, ఉన్న కట్టె వేసవి దాటకుండా వాడెయ్యండి. కట్టెల పేర్పులో నిజంగా డబ్బు పోయే ప్రమాదం ఇదొక్కటే. పామును చూసి పదిమంది వస్తారు, ఈ పురుగు కోసం ఒక్కరూ రారు.

సరే, మళ్లీ మన హాలు వెనక్కి. కింది వరస నేలకి ఆనుకుని ఉంది. నేలకి ఆనిన కట్టె అంటే చెదలకి పెళ్లి పిలుపే. చెదపురుగు ఎండలో, గాలిలో బతకలేదు, తడి మట్టితో గొట్టం కట్టుకుని అందులో నడుస్తుంది. మీ కట్టెలు గోడకి ఆని ఉన్నాయి కదా, అక్కడి నుంచి గోడ మీద వేలి మందాన మట్టి గీత ఒకటి స్టోర్ రూమ్ ద్వారబంధం దాకా వెళ్లింది. చూశారా ఎవరైనా? చూడలేదు. నేను అరచెయ్యంత మేర గీకి వదిలేశాను. రేపు పొద్దున వెళ్లి చూడండి, మళ్లీ మట్టి పూసి ఉంటే లోపల అవి పనిలో ఉన్నట్టు. ఆ ద్వారబంధం నాకు పాము కన్నా ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

చీమలు పుట్ట పెడితే పాములు చేరతాయని సామెత చెబుతాం. మన దగ్గర మట్టి పుట్టలు లేపేది చీమలు కాదండీ, చెదలు. లోపల గదులు కట్టుకుని, నమిలిన చెక్క మీద ఒక రకం బూజును పెంచుకుంటాయి, అదే వాటికి తిండి. మనకంటే ముందు వ్యవసాయం చేసింది అవే. వానలు పడ్డాక ఆ బూజే పుట్ట మీద గొడుగై పైకి లేస్తుంది. పుట్టగొడుగు! ఆ మాట రోజూ అంటూనే ఉంటాం, పుట్ట మీద గొడుగు అని ఎప్పుడైనా ఆలోచించామా? తొలకరికి దీపం చుట్టూ మూగే ఉసుళ్లు కూడా ఇవే, రెక్కలొచ్చిన చెదలు. చిన్నప్పుడు వేయించి పెట్టేవాళ్లు, బాగుండేవి. మా మనవరాలు ఛీ అంటుంది.

ఇప్పుడు పురుగులొచ్చాయి, బొద్దింకలొచ్చాయి, కీచురాళ్లు వచ్చాయి. వాటిని తినేవాళ్లు రాకుండా ఉంటారా? కప్ప వస్తుంది. బల్లి, తొండ, సాలెపురుగు వస్తాయి. నున్నగా మెరుస్తూ, పొట్టి కాళ్లతో జరజరా పోయే నలికీచు వస్తుంది, నలికండ్లపాము అని కూడా అంటారు. దాన్ని చూసి పాము అని కొట్టి చంపుతారు, పాపం దానికి విషం లేదు, అది బల్లికి చుట్టం. నల్లటి పెద్ద తుమ్మెద ఒకటి ఎండు కర్రకి సరిగ్గా గుండ్రంగా బొక్క పెడుతుంది, బరమా పెట్టి కొట్టినట్టు ఉంటుంది. దాని జోలికి వెళ్లకండి. మీ పెరట్లో మునగ చెట్టుకి కాయలు పడుతున్నాయంటే అందులో దాని చెయ్యి ఉంది.

తర్వాత జెర్రి, తేలు. తేలు దగ్గర కాసేపు ఆగాలి. నల్లగా, లావుగా, చూడగానే గుండె జారిపోయే మండ్రగబ్బ ఉంటుంది చూడండి, అది కుడితే నొప్పి బాగానే ఉంటుంది గానీ సాధారణంగా ప్రాణం మీదకి రాదు. సన్నగా, చిన్నగా, ఇటుక రంగులో ఉండే ఎర్ర తేలు, దానికి భయపడాలి. మంత్రం వేస్తే తేలు విషం దిగింది అంటారు, ఎందుకు దిగదు, మండ్రగబ్బ కుట్టిన నొప్పి మంత్రం వేసినా వెయ్యకపోయినా కొన్ని గంటల్లో తగ్గుతుంది. ఎర్ర తేలు కుట్టిన పిల్లాడి దగ్గర మంత్రం పెడితే మాత్రం టైమంతా పోతుంది. ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడటం, ఇవి కనిపిస్తే ఒక్క క్షణం ఆగకూడదు. మహారాష్ట్రలో మహాడ్ అని చిన్న ఊరు, అక్కడ హిమ్మత్‌రావ్ బావస్కర్ అని ఒక డాక్టరు గారు, ఎర్ర తేలు కుట్టి చచ్చిపోతున్న పల్లెటూరి పిల్లల్ని చూసి చూసి, బీపీకి వాడే ప్రాజోసిన్ అనే మాత్రతో గుండెను కాపాడవచ్చని 1980ల్లో చూపించారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. పెద్ద ల్యాబులో కూర్చుని కాదు, చిన్న ఊళ్లో పేషెంట్ల మంచం పక్కన కూర్చుని కనిపెట్టిన వైద్యం అది. మాత్ర డాక్టరే ఇవ్వాలి, నేను పేరు చెప్పాను కదా అని మీరు కొనేసుకోకండి.

ఒక వేడుక చెబుతాను. నోట్లు దొంగవో మంచివో చూడటానికి షాపుల్లో ఊదారంగు లైటు పెడతారు కదా, చీకట్లో ఆ లైటు తేలు మీద వేస్తే అది పచ్చగా మెరిసిపోతుంది. మా స్టూడెంట్లకి ఈ ఒక్క పాఠమే గుర్తుంటుంది. ఇందాక ఫ్లెక్సీ ఎత్తి లోపలి చీకట్లో వేశాను, పడమటి చివర రెండు మెరిశాయి. ఆ, రెండే. ఎర్రవా నల్లవా అంటారా? దగ్గరికెళ్లి అడగలేదమ్మా. తల్లి తేలును పిల్లలు తినేస్తాయని కూడా అంటారు, అది అబద్ధం, పుట్టగానే వీపు మీద ఎక్కించుకుని తిప్పుతుంది తల్లి.

ఇక ఎలుకలు. పెళ్లిలో మిగిలిన అన్నం ఎక్కడ పోశారు? కుళాయి పక్కన. ఇప్పటికీ హాల్లో ఏ ఫంక్షన్ జరిగినా విస్తళ్లు అక్కడే. ఎలుక ఈనడానికి మూడు వారాలు చాలు. కట్టెల సందుల్లో పొడిగా, వెచ్చగా గూడు, రెండు బారల దూరంలో భోజనం. ఇంకేం కావాలి దానికి? నేల మీద, తుప్పల్లో బతికే కంటికి ఆనని నల్లులుంటాయి, మంచంలో ఉండే నల్లులు కావు, వాటి పిల్లలు ఎలుకల ఒంటి మీద చేరతాయి, అవి మనిషిని కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. తుప్పల్లో, కట్టెల దగ్గర పనిచేశాక జ్వరమొచ్చి, ఒంటి మీద ఎక్కడైనా బీడీతో కాల్చినట్టు నల్లటి చెక్కు కనిపిస్తే డాక్టరుకి ఆ చెక్కు చూపించండి, చంకల్లో, నడుం దగ్గర దాక్కుని ఉంటుంది. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో తగ్గే జ్వరమే.

ఎలుక వచ్చింది కాబట్టి పాము వచ్చింది. అదీ వరస. ఇది ఆ పాము కుబుసం, ఫ్లెక్సీ కింద దొరికింది. దీన్ని పట్టుకోండి బాబూ, లైటుకి ఎదురుగా. వెన్ను మీద మధ్య వరస పొలుసులు చూడండి. కట్లపాము అయితే ఆ వరస మిగతావాటికన్నా పెద్దగా, ఆరు పలకలుగా ఉండాలి. ఇందులో లేవు. వాచ్‌మన్ భార్య చెప్పిన రంగు, పొడవు, పరుగు కలిపి చూస్తే నాకు జెర్రిపోతు అనిపిస్తోంది. విషం లేదు, ఎలుకల్ని తినిపెడుతుంది. కానీ ఈరోజు జెర్రిపోతు ఉన్న ఇంట్లో రేపు నాగుపాము ఉండవచ్చు, గూడూ తిండీ రెండింటికీ ఒకటే. కర్రలు తెచ్చినవాళ్లకి ఇంకో సంగతి, 1972 నాటి వన్యప్రాణి చట్టం ఈ రెండింటికీ వర్తిస్తుంది, చంపితే నేరం.

మన వైపు మనుషుల్ని చంపేవి ముఖ్యంగా నాలుగు. నాగు, కట్లపాము, రక్తపింజర, పొలుసులు రుద్దుకుని రంపం కోసినట్టు చప్పుడు చేసే చిన్న పింజర. రక్తపింజర కుక్కర్ విజిల్ లాగా బుస కొడుతుంది, అంటే ముందే చెబుతుంది. కట్లపాము చెప్పదు. పగలంతా కట్టెల్లో ముడుచుకుని, రాత్రి తిరిగి, నేల మీద పడుకున్నవాళ్లని కరిస్తే ఒక్కోసారి దోమ కుట్టినట్టు కూడా తెలియదు. తెల్లవారుజామున కడుపులో నొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి పడుకుంటారు. అందుకే చెబుతున్నాను, పడుకునే గది గోడకి కట్టెలు ఆనించకండి, నేల మీద పడుకోవాల్సివస్తే దోమతెర పరుపు కిందకి దోపుకోండి.

కరిస్తే ఏం చెయ్యాలో మీకు తెలుసు, అయినా చెబుతాను. కొయ్యడం, పీల్చడం, తాడు బిగించడం, ఏవీ వద్దు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి. పామును చంపి సంచిలో తేనక్కర్లేదు, ఆ నాలుగింటికీ కలిపి ఒకటే మందు. ఆ మందు తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం తీసిస్తుంది, 1978 నుంచి ఉంది అది. 2018 వానాకాలం గుర్తుందా, దివిసీమలో? అవనిగడ్డ ఆసుపత్రికి రోజూ పాము కాట్లే. మోపిదేవి గుళ్లో సర్పశాంతి యాగం కూడా చేశారు. యాగం చేస్తే చేసుకోండి, ఆసుపత్రికి వెళ్లాక చేసుకోండి.

ఏంటమ్మా? కార్బాలిక్ యాసిడ్? పాము దానికి పారిపోతుందని ఏ నమ్మకమూ పెట్టుకోకండి, ఆడుకునే పిల్లాడి చెయ్యి మాత్రం కాలుతుంది. వెల్లుల్లి, ఫినాయిలు, అవీ అంతే. ప్రెసిడెంటు గారు అడిగిన మందుకి నా జవాబు ఇదీ: కట్టె మీద పురుగుమందు కొడితే, ఆ కట్టెను తర్వాత ఏం చేస్తారు? పొయ్యిలో పెడతారు. ఆ పొగ ఎవరు పీలుస్తారు? వంటమనిషి. ఇంక మాట్లాడేదేముంది.

మా నాన్న ఏం చేసేవాడో చెబుతాను. కింద రాతి బద్దలు పరిచి, వాటి మీద జానెడు ఎత్తున దూలాలు వేసి, అప్పుడు కట్టె పేర్చేవాడు. కింద నుంచి కుక్కపిల్ల దూరి అవతలికి రావాలి, అదీ ఆయన కొలత. గోడకి మూరెడు దూరం. పైన మాత్రమే కప్పు, పక్కలు గాలికి వదిలెయ్యాలి. మీ ఫ్లెక్సీ నేల దాకా కప్పేసి ఉంది, అది కట్టెలకి కాదు, తేళ్లకి దుప్పటి. పాత కట్టె ముందు అమ్మాలి, కొత్త లారీ వస్తే పాతదాని మీద దించనిచ్చేవాడు కాదు. మనం ఏం చేస్తాం? పైన ఉన్నది వాడతాం, పైన కొత్తది వేస్తాం, అడుగు వరస అయిదేళ్లైనా కదలదు. కాపురాలన్నీ ఆ అడుగు వరసలోనే.

ఇంకా గంట వెలుతురుంది. ఆ కట్టెలు ఇప్పుడే విప్పుదాం, చీకటి పడితే నేను చెయ్యి వెయ్యను. చెప్పులున్నవాళ్లు ఇక్కడే ఉండండి, బూట్లున్నవాళ్లు నలుగురు చాలు. పిల్లలు మేడ మెట్ల మీద నుంచి చూడండి. పడమటి చివర్నుంచి వద్దు, తేళ్లున్నాయని చెప్పాను కదా, తూర్పు నుంచి ఒక్కొక్కటే. గోడ వైపు దారి వదిలెయ్యండి, జెర్రిపోతు ఉంటే దాని దారిన అది పోతుంది. కర్ర ఒకటి ఇటివ్వండి. కొట్టడానికి కాదు బాబూ, తలుపు కొట్టడానికి.